సందులో పదకొండు మంది

ఒక మంగళవారం పొద్దున్న పదింటికీ పదకొండింటికీ మధ్య మా బావ తన సొంత భార్యని ముగ్గురు వేరు వేరు ఆడవాళ్ల కింద లెక్కగట్టాడు. మా అక్క మందుల దుకాణానికి వెళ్తూ ఒకసారి, డాక్టరు చీటీ ఇంట్లో మరిచిపోయి వెనక్కి వస్తూ ఒకసారి, చీటీ పట్టుకుని మళ్లీ వెళ్తూ ఒకసారి ఆయన ముందునుంచే నడిచింది. ఆయన వీధి మూలన మడతకుర్చీ వేసుకుని, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని, నొక్కితే అంకె మారే చిన్న లెక్క యంత్రం ఒకటి గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు. మూడుసార్లూ అది టిక్కుమంది.

మూడోసారి అక్క ఆగింది.

“ఏమండీ, నన్నెక్కడైనా చూసినట్టుందా?”

“మాట్లాడించకండి. లెక్క తప్పుతుంది.”

“పోనీ, ఎన్నో మనిషినో అదైనా చెప్పండి.”

“నలభై రెండు,” అని, అప్పుడు తలెత్తి చూశాడు.

వాళ్లది ఇరవై ఆరేళ్ల కాపురం. ఆ మధ్యాహ్నం అక్క ఆయనకి కంచం పెట్టలేదు. “ముగ్గురున్నాంగా, ఎవరో ఒకరు పెడతారులెండి,” అని తలుపు దగ్గరగా వేసుకుని పడుకుంది. సాయంత్రానికల్లా బావ నోటుపుస్తకం మొదటి పేజీలో కొత్త నిబంధన ఒకటి రాసుకున్నాడు: బంధువుల్ని లెక్కపెట్టరాదు.

ఇంతకీ మా బావ చేసే పని లెక్కలది కాదు. కళ్లజోళ్ల దుకాణంలో వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తాడు. ఫ్రేములో అద్దం వెంట్రుకవాసి కదిలినా ఆయనకి నిద్ర పట్టదు. ముప్పై ఏళ్లుగా అదే గది, అదే సానరాయి, అదే నీళ్ల చప్పుడు. దుకాణం ముందుభాగంలో ఎవరొచ్చారో ఎవరు పోయారో ఆయనకి తెలియదు. బహుశా అందుకేనేమో, యాభై దాటాక మనుషులు నడిచిపోతుంటే చూడాలన్న సరదా పుట్టింది.

ఆ సరదా కుదిరింది ఒక మ్యాపులో. ఎవరైనా ఫోన్లోంచి దిద్దగలిగే మ్యాపు అది. ఊరూరా ఖాళీ ఉన్నవాళ్లంతా కలిసి గీస్తారు. మా బావ మొదట్లో బెంచీలు ఎక్కించాడు, తర్వాత మూతల్లేని మురికికాలవలు, ఆ తర్వాత ఏ మెట్లదారికి ఎన్ని మెట్లో. ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చి, గుమ్మం ఎత్తు కొలిచి వెళ్లాడు. ఆ రోజు కూర ఎలా ఉందో మాత్రం చెప్పలేదు.

తర్వాత ఆ మ్యాపులో కొత్త గడి ఒకటి వచ్చింది. ఏ వీధిలో జనం ఎంత నడుస్తారో రాయాలి. అయిదు మెట్లు పెట్టారు: దాదాపు లేరు, తక్కువ, ఓ మోస్తరు, ఎక్కువ, కిక్కిరిసి. గంటకి పదిమంది కూడా రాకపోతే మొదటిది, అరవై దాకా వస్తే రెండోది, అలా పైకి. దీనిమీద మ్యాపు గీసేవాళ్లలో పెద్ద రభసే జరిగింది. జనం అనేది బెంచీలా ఒకచోట ఉండే వస్తువా, రాయడానికి వీలవుతుందా అని కొందరు. ‘గుడ్లగూబ’ అని పేరు పెట్టుకున్న ఒకరు, మొహం ఎవరూ చూడలేదు గానీ మాట అందరూ వినేవారు, ఒకే వాక్యంతో తీర్పు చెప్పారట: వెళ్లి చూస్తే కనబడేదే రాయాలి, విన్నదీ, అనుకున్నదీ, ఉండాల్సిందీ రాయకూడదు. మా బావ ఆ వాక్యాన్ని కాగితం మీద రాసి సానరాయి పైన గోడకి అతికించుకున్నాడు.

ఆయనకి వారంలో సెలవు మంగళవారం ఒక్కటే. మంగళవారానికో వీధి చొప్పున, పొద్దున్న పది నుంచి పన్నెండు దాకా కూర్చుని, గంటకి సగటు తీసి, మ్యాపులో ఎక్కించేవాడు. అలా పదహారు వీధులయ్యాయి. పదిహేడోది గుండీల సందు.

బస్సులు ఆగే చోటు నుంచి పెద్దాసుపత్రికి అడ్డదారి ఆ సందు. పది అడుగుల వెడల్పు. ఒకవైపు గుండీలు, జిప్పులు, దారాలు, లోపలి గుడ్డలు అమ్మే దుకాణాలు. రెండోవైపు సంచులు కుట్టేవాళ్లు, గొడుగులు బాగుచేసేవాళ్లు. సరిగ్గా నడిమధ్యన మా బావ వాళ్లక్క దర్జీ దుకాణం. ఆవిణ్ణి అందరం దర్జీ వదిన అంటాం. మెడలో టేపు వేసుకుని, నోట్లో గుండుసూదులు పట్టుకునే తిట్టగలదు. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే, ఆ మిషను తొక్కే.

దర్జీ వదిన దుకాణం మెట్టు మీద కూర్చుని, వెనక షట్టరుకి వీపు ఆనించి, మా బావ రెండు గంటలు లెక్కపెట్టాడు. గంటకి పదకొండు మంది వచ్చారు. ఒక కుక్క వచ్చింది, దాన్ని కలపలేదు. ‘తక్కువ’ అని రాసి, ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని భోంచేశాడు. దర్జీ వదిన కూడా ఆ పూట అక్కడే భోంచేసింది. ప్రతి మంగళవారం అక్కడే భోంచేస్తుంది.

నాలుగు నెలలు గడిచాయి.

ఒక మంగళవారం నేనూ వాళ్లింట్లోనే ఉన్నాను. వదిన తింటోంది గానీ మాట్లాడటం లేదు. అలా జరగడం అరుదు.

“ఒంట్లో బాగాలేదా వదినా?” అంది మా అక్క.

“నాకేం, రాయిలా ఉన్నాను. సందుకే బాగాలేదు. జనం రావడం మానేశారు. అటుగా పోతూ పోతూ చొక్కా చెయ్యి ఊడిందనో, జిప్పు పోయిందనో లోపలికొచ్చేవాళ్లు. నాకొచ్చే పనిలో ముప్పాతిక వాళ్లదే. ఇప్పుడు పొద్దుణ్ణుంచీ గుమ్మం చూస్తూ కూర్చుంటున్నాను. సంచులబ్బాయి మూసేసి పోయాడు. గొడుగులాయన పోతానంటున్నాడు.”

“ఎండలు కదా…” అన్నాను.

“ఎండకి గొడుగులాయన మూసుకుంటాడటయ్యా? నిన్న ఆసుపత్రి నర్సు ఒకావిడ వచ్చి చెప్పింది. ఈ మధ్య ఫోన్లో నడకదారి చూపించేది ఒకటి వచ్చిందట. ఆడపిల్లలు ఒంటరిగా పోవాలంటే జనం ఉన్న దారినే తీసుకెళ్తుందట. మన సందులో జనం తక్కువట, అందుకని చుట్టుతిప్పి పెద్దరోడ్డు మీదుగా పంపుతోందట. ఆడపిల్లలే కాదు, అందరూ దాన్నే పట్టుకు పోతున్నారు. ముప్పై ఏళ్లు అందరూ తొక్కిన సందు! జనం తక్కువని రాసినవాడెవడో గానీ, వాడు కనబడితే ఆ చేతికే కాజాలు కుట్టేస్తాను.”

మా బావ మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. తాగాడు. ఖాళీ అయ్యాక కూడా తాగాడు.

“నేనేనక్కా.”

వదిన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

“అబద్ధం రాయలేదక్కా,” అన్నాడు. “నీ మెట్టు మీదే కూర్చున్నాను. రెండు గంటలు. గంటకి పదకొండు మందే వచ్చారు. కావాలంటే పుస్తకం చూపిస్తాను.”

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. అక్షరం తప్పితే కళ్లకి గుచ్చుకుంటుంది. ఎందుకో ఇక్కడ ఏదో గుచ్చుకుంది.

“బావా, నువ్వా మెట్టు మీద కూర్చున్నప్పుడు వీపు దేనికి ఆనించావు?”

“షట్టరుకి.”

“అంటే షట్టరు దించి ఉందన్నమాట.”

“ఉంది.”

“ఎందుకు దించి ఉంది?”

“మంగళవారం సందుకి సెలవు కదరా, అన్నీ మూసే…”

ఆ వాక్యం అక్కడితో ఆగింది. నాకు తెలిసి ఇప్పటికీ పూర్తి కాలేదు.

తనకి మంగళవారం సెలవని ఆయనకి తెలుసు. వాళ్లక్కకి మంగళవారం సెలవనీ తెలుసు, ఇరవై ఆరేళ్లుగా ఆ రోజే ఒక కంచం ఎక్కువ పెడుతున్నారు. ఈ రెండూ కలిపి చూడాలని మాత్రం తట్టలేదు. అద్దంలో వెంట్రుకవాసి తేడా పట్టే మనిషి, వీపుకి ఆనిన షట్టరుని పట్టలేకపోయాడు.

వదిన తిట్టలేదు. తిడితే బాగుండేదని బావ తర్వాత నాతో అన్నాడు. చెయ్యి కడుక్కుని, “పోనీలే, ఇప్పుడు తెలిసిందిగా. సరిచెయ్యి. ఒక్క మాటేగా,” అంది.

“రేపే చేస్తానక్కా.”

మర్నాడు ఉత్తినే మాట మార్చేస్తే సరిపోయేది. మేమంతా అదే అనుకున్నాం. కానీ ఆయన పద్ధతి వేరు. గురువారం దుకాణానికి సెలవు పెట్టి, పదహారేళ్లలో పెట్టిన మొదటి సెలవది, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఈసారి షట్టరు ఎత్తే ఉంది. లోపల మిషను దగ్గర వదిన. నూరు మందైనా వస్తారని, లెక్క యంత్రాన్ని సున్నాకి తిప్పి మరీ కూర్చున్నాడు.

గంటకి పంతొమ్మిది మంది వచ్చారు.

సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

“అప్పుడు రాసింది తప్పురా. కానీ ఆ తప్పు చూసి జనం మానేశారు. ఇప్పుడు చూస్తే అదే ఒప్పయి కూర్చుంది. ఇప్పుడు నేను ‘ఎక్కువ’ అని రాస్తే అది అబద్ధం. ఏం రాయను?”

“ఎక్కువ అనే రాయి. రాస్తే జనం వస్తారు, వచ్చాక నిజమవుతుంది.”

“వచ్చేదాకా?”

ఆ రాత్రే బావ గుడ్లగూబకి రాశాడు, జరిగిందంతా, షట్టరుతో సహా. మర్నాడు జవాబొచ్చింది: చాలా బాధగా ఉందండీ, కానీ ఇప్పుడు వెళ్లి చూస్తే ఏం కనబడుతుందో అదే రాయాలి. నడకదారి ఫోన్లవాళ్లకి రాశాడు. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని ఒక నిమిషంలో జవాబొచ్చింది. రెండోసారి రాశాడు. అదే విలువ మళ్లీ వచ్చింది.

ఇక మేం రంగంలోకి దిగాం. గంటకి అరవై దాటితే ‘ఓ మోస్తరు’ అవుతుందని మా అక్క కనిపెట్టింది. ఇంకో గురువారం ఆయన మెట్టు మీద కూర్చున్నప్పుడు మేం సందు ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి నడవడం మొదలుపెట్టాం. అక్క, పక్కింటావిడ, గొడుగులాయన, వాళ్లావిడ, నేను. నేను గొడుగులాయన దగ్గర ఒక గొడుగు అరువు తీసుకుని మొహానికి అడ్డం పెట్టుకున్నాను. నాలుగో దఫాలో బావ మెట్టు మీంచే అన్నాడు:

“గొడుగు పట్టుకున్నంత మాత్రాన చుట్టరికం పోదురా.”

“ఒక్కసారి నొక్కు బావా, నీ సొమ్మేం పోయింది?”

“నిన్ను నొక్కను.”

“నేను చుట్టాన్ని కాను కదండీ, నన్ను నొక్కండి,” అంది పక్కింటావిడ, ఆయాసపడుతూ.

ఆవిణ్ణి ఒక్కసారి నొక్కాడు. లోపల మిషను చప్పుడు ఆగింది. వదిన గుమ్మంలోకి వచ్చి మమ్మల్నందర్నీ వరసగా చూసి, “వచ్చినవాళ్లు ఎలాగూ వచ్చారు, ఎవరికైనా గుండీలు ఊడాయేమో చూసుకోండి,” అంది. పక్కింటావిడకి ఒకటి ఊడింది. అదీ ఆ రోజు బేరం. మొత్తం లెక్క గంటకి పదిహేడు.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పక తప్పదు. ఆ మ్యాపుని ఎవరైనా దిద్దవచ్చని మొదట్లోనే చెప్పాను. ఎవరైనా అంటే నేను కూడా. ఒక ఆదివారం కాఫీ తాగుతూ, ‘వానకోయిల’ అని పేరు పెట్టుకుని, గుండీల సందు మీద వేలు పెట్టి ‘తక్కువ’ తీసేసి ‘ఎక్కువ’ పెట్టాను. రెండు నిమిషాల పని. ఇంత చిన్న పనికి మా బావ ఇన్నాళ్లు ఒళ్లు ఎందుకు హూనం చేసుకున్నాడో అనుకుని, ఇంకో కప్పు తాగాను.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోయినా ఫలితం కనబడసాగింది. వదిన ఫోన్ చేసినప్పుడు గొంతులో కాస్త ప్రాణం వచ్చింది. “ఇవాళ ఇద్దరు కొత్తవాళ్లొచ్చారు,” అంది ఒక రోజు. “ముగ్గురు,” అంది ఇంకో రోజు. నేను అద్దంలో చూసుకుని మీసం దువ్వుకున్నాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నేను బావ వాళ్లింట్లో టీ తాగుతుండగా వదిన ఫోన్ చేసింది. బావ చేతులు కడుక్కుంటున్నాడు, అక్క స్పీకరు పెట్టింది.

“తమ్ముడూ, ఇందాక ఒక పిల్ల పరిగెత్తుకుంటూ దుకాణంలోకి వచ్చి మిషను వెనక దాక్కుందిరా. ఆసుపత్రిలో పని నేర్చుకుంటోందట. ఇంకా చీకటి కూడా పడలేదు. సందులో సగం షట్టర్లు దించేసి ఉన్నాయి, అటూ ఇటూ పురుగు లేదు, వెనకాల ఎవడో వస్తున్న చప్పుడు. వచ్చింది మన జిప్పుల తాతే, నా కత్తెర తిరిగివ్వడానికి. ఆ పిల్ల అరిచిన అరుపుకి ఆయన కత్తెర కింద పడేసి కూలబడ్డాడు. ఇద్దరికీ మంచినీళ్లిచ్చాను. గ్లాసు పట్టుకోలేకపోయిందిరా, చేతులు అంతలా వణికాయి.”

“దెబ్బేం తగల్లేదు కదా?” అన్నాడు బావ, తడి చేతులతోనే.

“లేదు. ఈ సందులోకి ఎందుకొచ్చావే తల్లీ అంటే, జనం ఎక్కువని ఫోన్లో ఉందండీ, అందుకే వచ్చాను అంది.” ఆ వెంటనే, “నువ్వు మార్చావా?”

“లేదక్కా.”

“మరెవరు?”

నేను కప్పు లోపలికి చూస్తూ కూర్చున్నాను. అడుగున టీ పొడి ఉంది. చాలా శ్రద్ధగా చూశాను.

“ఎవరైతేనేం,” అంది వదిన. “ఉన్నదే రాసెయ్.”

“రాస్తే ఆ వచ్చే ముగ్గురు కూడా…”

“తెలుసులేరా. నాకు లెక్కలు రాక కాదు. ఆ పిల్ల చేతులు నువ్వు చూడలేదు. రాసెయ్.”

ఫోన్ పెట్టేసింది. బావ తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు, ఒక్కో వేలూ విడివిడిగా. ఫోన్ తీసి, సందు మీద వేలు పెట్టి, ‘తక్కువ’ అని రాశాడు. రాశాక నావైపు చూశాడు. తిట్టలేదు. ఈ కుటుంబంలో ఎవరూ తిట్టాల్సినప్పుడు తిట్టరు, అదే బాధ.

“ప్రూఫులు దిద్దేవాడివి కదరా,” అన్నాడు. “మూలం ఒకసారి చూసుకుని దిద్దాల్సింది.”

గొడుగులాయన ఆ నెలలోనే వెళ్లిపోయాడు. ఆ తర్వాతి నెల దారాల దుకాణం. బావ అప్పటికీ వీలున్నప్పుడల్లా సెలవు పెట్టి వెళ్లి కూర్చునేవాడు, ఎప్పుడైనా అంకె కొంచెం పైకి జరిగితే ఆ క్షణమే మార్చేద్దామని. పదహారు. పద్నాలుగు. పన్నెండు. లోపల వదిన మిషను చప్పుడు ఎప్పుడు మొదలవుతుందా అని ఒక చెవి అటే వేసి ఉండేవాడట. రాసిన చేత్తో ఏమీ చేయలేక, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చోవడం నేనే ఒకసారి చూశాను.

చివరికి వదినే తేల్చేసింది. పెద్దరోడ్డు మీద రెడీమేడ్ బట్టల దుకాణం ఒకటుంది. దాని వెనకగదిలో, కిటికీ లేని చోట, కొన్న ప్యాంట్లకి కిందంచులు మడిచే పనికి కుదిరింది. కొలత తీసి, బట్ట పరిచి, సుద్దతో గీసి, కత్తెర వేసే మనిషి. ఇప్పుడు ఇంకెవరో పెట్టిన గుర్తు దాకా మడిచి కుట్టాలి.

మిషను మేమే మోశాం, బావ ఒకవైపు, నేను ఒకవైపు. వదిన ముందు నడుస్తూ, “గోడకి తగలనివ్వకండి, నెమ్మది, మీ అద్దాల కంటే అదే నయం, ఇంకా పనిచేస్తోంది,” అని సాధిస్తూనే ఉంది. సందు చివరిదాకా ఎవరూ ఎదురుపడలేదు. బరువుతో తప్పుకోవాల్సిన అవసరం ఒక్కసారైనా రాలేదు. పెద్దరోడ్డు ఎక్కగానే మాత్రం నలుగురు భుజాలు తగిలించుకుని పోయారు. మిషను దించి వదిన ఆ వెనకగదిలో ఒకసారి చుట్టూ చూసింది.

“వెలుతురు లేదక్కా,” అన్నాడు బావ.

“లైటుందిగా.”

“నావల్లే.”

“నీవల్లేరా,” అంది వదిన, సూదిలో దారం ఎక్కిస్తూ. “ఇంకెవరివల్ల? భోంచేసి వెళ్లండి ఇద్దరూ.” ఆ గదిలో భోజనం ఎక్కడ పెడుతుందో ఆవిడా ఆలోచించలేదు. ముప్పై ఏళ్ల అలవాటు, నోటి నుంచి వచ్చేసింది. దారం మూడోసారికి ఎక్కింది.

పది రోజుల తర్వాత బావ మళ్లీ సందుకి వెళ్లాడు. ఇప్పుడున్నది ఇప్పుడున్నట్టు రాయాలి కదా. మూసిన దుకాణం మెట్టు మీద పది నుంచి పన్నెండు దాకా కూర్చుని, ఇంటికొచ్చి, ‘తక్కువ’ తీసేసి ‘దాదాపు లేరు’ అని పెట్టాడు.

ఆ సాయంత్రమే మ్యాపులో గుండీల సందు మీద ఎవరో ఫిర్యాదు పెట్టారు. ఆ మ్యాపులో ఎవరైనా ఫిర్యాదు కూడా పెట్టవచ్చు. మా అక్క బయటికి చదివింది: “ఈ సందులో మూసేసిన దుకాణం మెట్ల మీద ఒక నడివయసు మగమనిషి చేతిలో ఏదో పట్టుకుని కూర్చున్నాడు. నేను ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లేదాకా కన్నార్పకుండా నన్నే చూశాడు. ఊళ్లో ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు చూడాలి? బాధ్యులు జవాబు చెప్పాలి.”

బావ ఫోన్ తీసుకుని, కింద ఒక్క లైను రాశాడు:

“క్షమించండి, ఆ రెండు గంటల్లో వచ్చింది మీరొక్కరే.”